సేమాన్‌గుమ్ జంబోరీలో నలభై మంది లెక్క

2023 ఆగస్టులో దక్షిణ కొరియా నుంచి వచ్చి వారం కూడా కాని రోజులవి. పురుగులు కుట్టిన మచ్చలు కాళ్ల మీద అప్పటికింకా మానలేదు. ఎదురైన ప్రతివాళ్లూ "ట్రిప్ ఎలా జరిగింది?" అనేవాళ్లు. మేం వెళ్లింది ట్రిప్‌కు కాదు, 25వ ప్రపంచ స్కౌట్ జంబోరీకి, అంటే దేశదేశాల స్కౌట్ పిల్లలు కలిసే పెద్ద క్యాంపుకి.

నేను గైడ్ కెప్టెన్‌ని, అంటే ఆడపిల్లల స్కౌట్ దళాన్ని నడిపేదాన్ని. 36 మంది పిల్లలు, నలుగురు పెద్దవాళ్లం కలిసి ఒక యూనిట్. తొమ్మిదేసి మంది పిల్లల చొప్పున నాలుగు ప్యాట్రోళ్లు, అంటే చిన్న జట్లు. పాస్‌పోర్టులు, వీసాలు, తల్లిదండ్రుల సంతకాలు ఇబ్బంది లేకుండానే అయిపోయాయి.

ఆగస్టు 1న జంబోరీ మొదలైంది. క్యాంపు వేసిన సేమాన్‌గుమ్ సముద్రాన్ని పూడ్చి చేసిన నేల. నీడకు ఒక్క చెట్టు లేదు. నేలంతా తడి, అందుకే ప్లాస్టిక్ పలకలు పరిచి వాటి మీద టెంట్లు వేసుకున్నాం. ఎండ 35 డిగ్రీలు. బయట ఆడించాల్సినవి చాలావరకు ఆపేశారు. అయినా చీకటి పడేసరికి పిల్లలు దుప్పటి పరిచి బ్యాడ్జీలు, స్కార్ఫులు మార్చుకోవడానికి కూర్చునేవాళ్లు. ఇంగ్లిష్‌లో నోరు విప్పని పిల్లలు కూడా వేళ్లతో లెక్క చూపించి బేరమాడటం నా కళ్లతో చూశాను. మళ్లీ జంబోరీ 2027లో పోలండ్‌లో ఉంది. వెళ్లేవాళ్లు బట్టలు తగ్గించి బ్యాడ్జీలు ఎక్కువ పట్టుకెళ్లండి.

5వ తేదీన నాలుగు వేలకు పైగా ఉన్న బ్రిటన్ బృందం వెళ్లిపోవడం మొదలైంది. "మనమూ వెళ్లిపోతామా టీచర్?" అని పిల్లలు. మేం ఉండిపోయాం. ఆ తర్వాత నీళ్లు, ఏసీ బస్సులు పెరిగాయి. కాస్త కుదుటపడ్డాం అనుకుంటుండగా ఖనూన్ తుఫాను వస్తోందన్నారు. 8వ తేదీన మైదానం మొత్తం ఖాళీ. వెయ్యికి పైగా బస్సులు.

మా వంతు వచ్చింది. లిస్టు పట్టుకున్న ఒకాయన 31 పేర్లు చదివి, ఎక్కమన్నాడు. నాలుగో ప్యాట్రోల్ తొమ్మిది మంది పేర్లు అందులో లేవు. వాళ్లది వేరే బస్సట, అది వేరే ఊరికి వెళ్తుందట. "తర్వాత కలుస్తారులే, ముందు మీరెక్కండి" అన్నాడు. నేను ఎక్కనన్నాను. పధ్నాలుగేళ్ల పిల్లల్ని, పెద్దవాళ్లు ఒక్కరు కూడా తోడు లేకుండా, తెలియని ఊరికి ఎలా పంపుతాను? వాళ్ల అమ్మానాన్నలకు మాటిచ్చి తీసుకొచ్చాను.

ఆయన గొంతు పెంచాడు. "మీ ఒక్కరి వల్ల లైన్ అంతా ఆగింది. రూల్స్ అర్థం కావా మీకు?" అని అందరి ముందూ అరిచాడు. వెనక ఉన్న యూనిట్ల వాళ్లు విసుక్కుంటున్నారు. నా పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. తల కొట్టేసినట్లయింది. ఇన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ అలా అనలేదు. ఏడుపు గొంతు దాకా వచ్చింది, మింగేశాను. బస్సు మెట్టు పక్కనే నిలబడిపోయాను.

అప్పుడు నాలుగో ప్యాట్రోల్ లీడర్ తన నోటుబుక్ తెచ్చింది. మొదటి రోజు వాళ్ల టెంట్ల కింద నీళ్లు నిలిస్తే పక్క సైటుకు మారాం. పాత నంబరు, కొత్త నంబరు, మారిన టైము అన్నీ రాసిపెట్టుకుంది. లిస్టు తయారుచేసినవాళ్లు కొత్త నంబరు చూసి ఆ తొమ్మిది మందినీ పక్క యూనిట్‌లో కలిపేశారు! ఒక కొరియా వాలంటీర్ అమ్మాయి ఆ పేజీని ఫోటో తీసి ఎవరికో పంపింది, ఫోన్ చేసింది, మా పిల్లలకు మంచినీళ్ల సీసాలు కూడా తెచ్చిచ్చింది. నలభై నిమిషాలకు పేర్లు మారాయి. నలభై మందిమీ ఒకే బస్సులో కూర్చున్నాం.

యూనిట్ లీడర్లకు ఒకటే చెబుతాను. ఫోన్‌లో ఉంది కదా అనుకోకండి. ప్రతి ప్యాట్రోల్ లీడర్ చేతా కాగితం మీద రాయించండి. లెక్క సరిపోయేదాకా ఎంత పెద్దవాళ్లు చెప్పినా కదలకండి. ఆ రోజు నేను చేసింది నూటికి నూరుపాళ్లు సరైనదే, రేపు మళ్లీ అదే పరిస్థితి వచ్చినా అదే చేస్తాను.

తర్వాత అంతా సుఖంగానే గడిచింది. ఒక యూనివర్సిటీ హాస్టల్లో బస, 11న సియోల్ వరల్డ్ కప్ స్టేడియంలో ముగింపు, పాటల కచేరీ. పిల్లలు గొంతులు పోయేలా అరిచారు.

తప్పు లిస్టుదేనని తేలాక కూడా ఆయన ఒక్క "సారీ" అనలేదు. తల తిప్పుకుని వెనక యూనిట్ పేర్లు చదవడం మొదలుపెట్టాడు. ఆయన పేరేంటో అడగకుండా వచ్చేశాను. అడగాల్సింది.