అట్ట మనుషుల ముందు హామ్లెట్

డిసెంబరు రెండో శనివారం, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్.

పొద్దున లేచి రేడియేటర్ మీద చెయ్యి పెడితే చన్నీళ్ళ కుండలా ఉంది. కిందికెళ్ళి చూస్తే ఇంటికీ నీళ్ళకీ వేడినిచ్చే బాయిలర్ మీద ఏదో అంకె ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది. రీసెట్ నొక్కాను. రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఫోన్ చేస్తే ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య మనిషిని పంపిస్తామన్నారు. ఆ మాటకి అర్థం ఈ పాటికి నాకు తెలుసు: ఈ పూట నువ్వు గడప దాటకూడదు, స్నానానికి కూడా వెళ్ళకూడదు. వేణ్ణీళ్ళు లేవు కాబట్టి ఆ రెండోది ఎలాగూ లేదనుకోండి.

ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు. మా వాడు స్విమ్మింగ్ నుంచి అటే ఫ్రెండ్ ఇంటికి. ఇంట్లో నేనూ, రెండు స్వెటర్లూ, ఒక రజాయి. చారు పెట్టుకుని గ్లాసులో పోసుకుని టీలా తాగుతూ కూర్చున్నాను. పదిన్నరైంది. మనిషి లేడు. అప్పుడు గుర్తొచ్చింది, పోయిన నెల ఛారిటీ షాపులో యాభై పెన్నీలకి కొన్న డీవీడీ. ‘ఇన్ ద బ్లీక్ మిడ్‌వింటర్’. 1995 సినిమా, కెన్నెత్ బ్రానా రాసి తీసింది. ఆ రోజు వెనక అట్ట చదివితే కథ డెర్బీషైర్‌లోని హోప్ అనే ఊళ్ళో జరుగుతుందని ఉంది. అది చూసే కొన్నాను. హోప్ మాకు పక్కూరి లెక్క. మాంచెస్టర్ వెళ్ళే రైలెక్కితే అరగంట.

ఎండాకాలంలో పులిహోర డబ్బాలు కట్టుకుని రెండుసార్లు వెళ్ళాం. ఊరికి దగ్గర్లో రెండు గుట్టలున్నాయి. ఒకదాని పేరు విన్ హిల్, రెండోదాని పేరు లూజ్ హిల్. గెలుపు గుట్ట, ఓటమి గుట్ట, వాటి కింద ఆశ అనే ఊరు. ఎవరైనా కథలో రాస్తే మరీ అతిగా ఉందని కొట్టేస్తాం. రెండింట్లో ఓటమి గుట్టే కాస్త ఎత్తు. మా వాడు విన్ హిల్ ఎక్కి కిందికి చూసి, సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడిందని తెగ సంబరపడ్డాడు. అంత పచ్చటి లోయలో వాడి కంటికి ఆనింది అదొక్కటే.

సరే, సినిమా. నలుపు తెలుపు. జో అని ఒక నటుడు, చాన్నాళ్ళుగా పని లేదు. క్రిస్మస్ వస్తోందంటేనే దిగులు. తను పుట్టి పెరిగిన ఊళ్ళో చర్చి మూతపడేలా ఉంది. అక్కడ క్రిస్మస్‌కి హామ్లెట్ నాటకం వేద్దామని బయల్దేరతాడు. క్రిస్మస్‌కి హామ్లెట్! తండ్రిని చంపిన పినతండ్రి, పిచ్చెక్కిన అమ్మాయి, చివర్లో స్టేజీ నిండా శవాలు. మన దగ్గర సంక్రాంతికి ఊళ్ళో హరిశ్చంద్ర కాటి సీను వేసినట్టు. (నిజానికి వేస్తాం. వేస్తే జనం కూర్చుని మరీ ఏడుస్తారు. కాబట్టి నేను నవ్వడానికేం లేదు.)

ఏజెంటమ్మ జోన్ కాలిన్స్ కాస్త డబ్బు సర్దుతుంది. జో మనుషుల్ని ఎంచుకోడానికి కూర్చుంటాడు. ఆ ఆడిషన్లలో ఒకరు మాట్లాడే బొమ్మ పట్టుకొస్తారు, ఇంకొకరు ఇంకేదో పట్టుకొస్తారు. నేనొక్కదాన్నే ఉన్నా పైకే నవ్వాను. చివరికి మిగిలింది జోతో కలిపి ఏడుగురు. నాటకంలో పాత్రలేమో పాతిక పైన. అందుకని తలా రెండు మూడు వేషాలు. రిచర్డ్ బ్రయర్స్ వేసిన హెన్రీ అనే ముసలి నటుడు ఒక్కడే రాజు క్లాడియస్, చచ్చిపోయిన రాజు దెయ్యం కూడా. అంటే చంపినవాడూ చచ్చినవాడూ ఒకడే. ఆ పిచ్చెక్కిన ఒఫీలియా వేషం వేసే అమ్మాయికి దూరం చూపు ఆనదు. కళ్ళజోడు లేకుండా అన్నిటికీ గుద్దుకుంటుంది. సెట్లు వేసే ఆమెకి స్టేజీ మీద ఎప్పుడూ పొగ కావాలి. బస కూడా ఆ చలి చర్చిలోనే. కోట్లేసుకుని, మఫ్లర్లు చుట్టుకుని, నోట్లోంచి ఆవిరి వస్తుండగా రిహార్సల్స్ చేస్తుంటారు. రజాయిలోంచి చూస్తున్న నాకు వాళ్ళ మీద ప్రత్యేకమైన బంధుప్రీతి పుట్టుకొచ్చింది.

పన్నెండైంది. ఫోన్ చేశాను. ‘హీ ఈజ్ ఆన్ హిజ్ వే’ అన్నారు. ఏ దారిలో ఉన్నాడో చెప్పలేదు.

ఈ సినిమాలో నన్ను పట్టేసిన సంగతి రెండు ముసలి ప్రాణాల గొడవ. రాణి గెర్‌ట్రూడ్ వేషానికి ఆడమనిషిని తీసుకోరు, టెరీ అనే ఆయన్ని తీసుకుంటారు. జాన్ సెషన్స్ వేశాడు. టెరీ గే. హెన్రీ పాతకాలం మనిషి. తన పక్కన భార్యగా ఒక మగాడు, అందులోనూ ఇలాంటివాడు నిలబడటం ఆయనకి మింగుడు పడదు. పుల్లవిరుపు మాటలంటుంటాడు. టెరీ కూడా తక్కువ తినలేదు. అలా కీచులాడుకుంటూనే వాళ్ళిద్దరూ ఎక్కడ దగ్గరయ్యారో చూపించకుండా దగ్గర చేసేశాడు బ్రానా. టెరీకి ఏళ్ళ తరబడి దూరమైన కొడుకున్నాడని తెలిశాక హెన్రీ మొహం మారే తీరు ఉంది చూడండి, అక్కడ ఆపి మళ్ళీ చూశాను.

మగాడు ఆడవేషం వేస్తే అసహ్యపడటం ఏమిటో తెలుగువాళ్ళకి ఎవరైనా ప్రత్యేకంగా చెప్పాలి. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచొస్తుంటే ఊళ్ళకి ఊళ్ళు మతిపోయి చూశాయి. 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. షేక్స్‌పియర్ కాలంలో లండన్‌లోనూ అంతే, ఒఫీలియాలన్నీ మగపిల్లలే. హెన్రీకి ఈ సంగతి తెలియకపోదు. తెలిసినా ఒప్పుకోడు. అలాంటి మావయ్యలు మనందరికీ ఒకరిద్దరు ఉంటారు.

ఇక అట్ట మనుషులు. ఊళ్ళోవాళ్ళు వస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆ డిజైనరమ్మ ఒక ఉపాయం చేస్తుంది. అట్ట ముక్కల మీద మనిషి బొమ్మలు గీసి, కత్తిరించి, చర్చి బల్లల మీద కూర్చోబెడుతుంది. వచ్చే నలుగురికీ హాలు నిండినట్టు కనబడాలని. నటులు ఆ అట్టల్ని చూసి డైలాగులు చెబుతుంటారు. ఇది జోకే, నవ్వొచ్చింది కూడా. కానీ కాసేపటికి ఆ బల్లల వైపే చూస్తూ ఉండిపోయాను. అట్టలు దగ్గవు, మధ్యలో లేచి వెళ్ళిపోవు, ఫోన్ చూసుకోవు. అయినా వాటి ముందు నిలబడి మాట్లాడటం కన్నా కష్టం ఇంకోటి ఉండదనిపించింది.

ముగింపు మాత్రం నాకు నచ్చలేదు. హాలీవుడ్ నుంచి మూడు సైన్స్ ఫిక్షన్ సినిమాల ఒప్పందం అని పిలుపొస్తుంది. జో నాటకం ముందు వెళ్ళిపోతాడు, అతని తోబుట్టువు మాలీ వేషం కట్టడానికి సిద్ధపడుతుంది, ఆఖరి నిమిషంలో ఇతను తిరిగొస్తాడు. రావాల్సిన చుట్టాలందరూ సరిగ్గా ఆ రాత్రికే వచ్చేస్తారు. హాలీవుడ్ ప్రొడ్యూసరమ్మ ఆ సినిమాల్ని ఇంకొకడికి ఇచ్చేస్తుంది. అన్ని ముళ్ళూ వరసపెట్టి ఊడిపోతాయి. పెళ్ళిలో అలిగినవాళ్ళందరూ అప్పగింతల దగ్గరికి కలిసిపోయినట్టు. అంత చక్కటి దిగులు మొదటినుంచీ పోగేసి, చివరికి ఇలా పంచిపెట్టేశాడేమిటా అని విసుగొచ్చింది. ఆ విసుగులోనే టెరీ కొడుకు కనబడగానే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెండూ నిజమే, రెండూ రాసుకుంటున్నాను.

దీన్ని ఎవరూ ఎందుకు తలుచుకోరో ఆలోచిస్తే పెద్ద రహస్యమేం లేదు. మరుసటేడాదే, 1996లో, బ్రానా అసలు హామ్లెట్ తీశాడు. ఒక్క మాట కొయ్యకుండా, నాలుగు గంటలు, 70 ఎంఎం, అద్దాల మహలు, పేరున్న తారాగణం. ఆ ఏనుగు పక్కన ఈ కుందేలు ఎవరికి కనబడుతుంది? పైగా అమెరికాలో దీనికి పేరే మార్చేశారు, ‘ఎ మిడ్‌వింటర్స్ టేల్’ అని. ఒక పేరుతో వెతికినవాడికి రెండో పేరు తగలదు. అసలు పేరు క్రిస్టీనా రోసెట్టి పద్యంలోది. దానికి హోల్స్ట్ 1906లో బాణీ కట్టాడు. ఇక్కడ డిసెంబరులో ఏ స్కూలుకెళ్ళినా పిల్లలు పాడతారు. మా వాడికీ వచ్చు.

ఒక సంగతి భలే అనిపించింది. ఈ చర్చి హామ్లెట్ ముఠాలో కొందరు ఆ నాలుగు గంటల హామ్లెట్‌లోనూ ఉన్నారు. ఇక్కడ హామ్లెట్ వేసే జో, అంటే మైకేల్ మలోనీ, అక్కడ లేయర్టీస్. ఇక్కడ లేయర్టీస్ వేసిన నికొలస్ ఫారెల్ అక్కడ హొరేషియో. బ్రయర్స్ అక్కడ పొలోనియస్. ఊళ్ళో నాటకాలాడే సమాజంలో ఇలాగే ఉంటుంది. నిరుడు ధర్మరాజు ఈ ఏడు శకుని.

ఒంటిగంటన్నరకి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ ఏడు. అప్పుడే టీవీ కట్టేసినట్టున్నాడు. సినిమా కథ చెప్పాను. అట్ట మనుషుల దగ్గరికి రాగానే ఆపేశాడు.

"అట్టలు నయమే అమ్మడూ. మాకు అవీ లేవు" అన్నాడు.

ఈ కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. మొత్తం ఇవాళే విన్నాను. నాన్నకి పంతొమ్మిదేళ్ళప్పుడు ఊళ్ళో రాయబారం వేశారు. ద్రౌపదికి తెనాలి నుంచి నటీమణిని మాట్లాడి అడ్వాన్సు కూడా ఇచ్చారు. ఆవిడ ఎక్కాల్సిన బస్సు రాలేదు. సాయంత్రం ఆరింటికి హార్మోనిస్టు అందర్నీ ఎగాదిగా చూసి, "నీ గొంతు ఇంకా పూర్తిగా మారలేదురా" అని నాన్న మీసం గీయించేశాడు. నాన్నమ్మ ఆకుపచ్చ పట్టుచీర ట్రంకుపెట్టెలోంచి అడక్కుండా తెచ్చారు. తెర లేచింది. ద్రౌపది జుట్టు విరబోసుకుని కృష్ణుడి ముందుకి రాగానే ముందు వరసలోంచి నాన్నమ్మ, "ఓరి సచ్చినోడా, అది నా పెళ్ళిచీర!" అని అరిచిందట. నవ్వులు సద్దుమణిగి నాన్న పద్యం ఎత్తుకునేసరికి వాన. కరెంటు పోయింది. జనం చాపలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు.

"మీరూ ఆపేశారా?"

"ఎట్టా ఆపుతాం? కృష్ణుడు వేసినాయన పొన్నూరు నుంచి వచ్చాడు, డబ్బులిచ్చాం. పెట్రోమాక్స్ లైటు తెప్పించారు. సోడాబండి వాడు బండి కింద దూరాడు, పోలేక. మైకుసెట్టు వాడు సామాను వదిలి పోలేడు. మీ నాన్నమ్మ చీర కోసం కూర్చుంది."

"అంటే ముగ్గురు."

"ముగ్గురు. వాళ్ళకే చెప్పాం. నా పద్యం మూడో పాదంలో వాన ఇంకా గట్టిగా అందుకుంది. నాకే వినబడలా. అక్కడే వదిలేశా."

నవ్వి ఊరుకుంటాడనుకున్నాను. "ఆ పద్యం ఇప్పుడు వచ్చా నాన్నా?" అన్నాను. రాకేం అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు కాలింగ్ బెల్ మోగింది. టైము రెండు దాటింది.

బాయిలర్ మనిషి తడిసి ముద్దయి ఉన్నాడు. సారీ లవ్ అని, బూట్లకి నీలం కవర్లు తొడుక్కుని వంటింట్లోకి నడిచాడు. ఎనిమిది నుంచి అనాలనుకుని దాచిపెట్టుకున్న మాటలన్నీ ఆ నీలం కవర్లు చూశాక నోట్లోనే ఉండిపోయాయి. ఫోన్ స్పీకర్లో పెట్టి డైనింగ్ టేబుల్ మీద ఉంచి అతనికి టీ పెట్టాను. నాన్న ఇదేమీ పట్టించుకోకుండా పద్యం ఎత్తుకున్నాడు. గొంతు వణుకుతోంది కానీ శ్రుతి తప్పలేదు. మొదటి పాదం చివర రాగం ఎంతసేపు లాగాడంటే, అతను టార్చిలైటు నోట్లో పెట్టుకునే వెనక్కి తిరిగి ఫోన్ వంక చూశాడు. మా నాన్న, పాడుతున్నాడు అన్నాను. తలూపి మళ్ళీ లోపలికి దూరాడు. స్క్రూలు మాత్రం నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాడు.

రెండో పాదం అయింది. మూడో పాదం సగంలో ఉండగా బాయిలర్ ఒక్కసారి భుస్సుమని అందుకుంది. గోడలోని పైపులన్నీ టకటకమన్నాయి.

నాన్న ఆపాడు. "ఏంటే ఆ చప్పుడు? వానా?"

"బాయిలర్ నాన్నా. బాగైంది."

"అట్టాగా. సరే అయితే," అని మళ్ళీ గొంతు సవరించుకున్నాడు, "మొదటినుంచీ అందుకుంటా. ఆయన్నీ ఉండమను."