అమ్మ, ఓట్స్

"ఇది మన గటక లెక్కనే ఉంది కదరా" అంటూ అమ్మ గిన్నెలో చెంచా తిప్పింది. పొద్దున నల్లగొండలో డాక్టర్‌కు రిపోర్ట్ చూపించాం. కొలెస్ట్రాల్ ఎక్కువుందట.

పాలు, చక్కెర వేస్తే ముట్టలేదు. మజ్జిగ పోసి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి సన్నగా తరిగి వేశాక గిన్నె ఖాళీ చేసింది. నాకు సగం టెన్షన్ అక్కడే తగ్గింది.

ఓట్స్‌ ఉడికితే వచ్చే ఆ జిగురే అసలు మందు. బీటా గ్లూకాన్ అనే పీచు అది. పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపుతుంది. మళ్లీ పైత్యరసం తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. ఈ పీచు రోజుకు 3 గ్రాములు అందాలంటే దాదాపు 75 గ్రాముల ఓట్స్ కావాలి. మసాలా ఓట్స్ ప్యాకెట్లు మాత్రం కొనను, వాటిలో ఉప్పు ఎక్కువ.

"జొన్నరొట్టె మాననురా" అంది. మానొద్దనే చెప్పాను. పొద్దున ఓట్స్, రాత్రికి రొట్టె.