ప్రగతినగర్ దారిలో తిమింగలం పాట

సముద్రం మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ హైదరాబాద్ ప్రగతినగర్లో ఉందంటే మా విశాఖ వాళ్ళకి ఇప్పటికీ నవ్వే. సునామీ హెచ్చరికలూ, మన జాలర్లకి చేపల జాడా ఆ రాళ్ళగుట్టల ఊరి నుంచే వస్తాయి. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, జేఎన్‌టీయూ కాలేజీ దగ్గర దిగాలి. ఛార్జీలు పెంచాక ఏసీ ఒక్కటే ఓదార్పు.

దారంతా చెవిలో హంప్‌బ్యాక్ తిమింగలం పాట. మెట్రోలో అది దండగ. పాటలోని లోతైన మూలుగులూ రైలు రొదా ఒకే కింది స్థాయిలో ఉంటాయి. మూలుగు మునిగిపోయి పైకూతలే మిగులుతాయి. అదే ముక్క రెండోసారి వచ్చినా వేరేదనిపిస్తుంది. మీద మూడు భాషల్లో స్టేషన్ ప్రకటన!

ఇలాంటివి కళ్ళతో చూడాలి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌ని స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే ధ్వని హెచ్చుతగ్గుల్ని గీతలుగా చూపే బొమ్మగా మార్చి పైహద్దు 4,000 హెర్ట్జ్ దగ్గర పెడితే చాలు. అంతకంటే ఎక్కువ పెడితే పాటంతా అడుగున నలిగిపోతుంది. ఒక్కో ధ్వని యూనిట్. కొన్ని యూనిట్లు కలిస్తే ఫ్రేజ్, అదే ఫ్రేజ్ మళ్ళీమళ్ళీ వస్తే థీమ్, థీమ్‌లు వరసగా ఒక చుట్టు తిరిగితే పాట. చుట్టుకి మామూలుగా పది, ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకే అయిదు నిమిషాల ముక్క పట్టుకుని రెండు చోట్ల పాటల్ని పోల్చకూడదు. కనబడని థీమ్ అసలు లేదో, ఇంకా రాలేదో తేలదు. రెండు మగ తిమింగలాలు దగ్గరదగ్గరగా పాడుతుంటే ముదురుగా పడ్డ గీతనే పట్టుకోవాలి. రెండూ సమానంగా ఉంటే ఆ భాగం పారేయడమే.

ఇంత చాకిరీ చేశాకే పాటల వలస బయటపడింది. 1996లో ఆస్ట్రేలియా తూర్పు తీరంలో రెండే రెండు తిమింగలాలు పడమటి తీరం పాట ఎత్తుకున్నాయి. 1997 చివరికి దాదాపు అన్నీ అదే పాడాయి, 1998కి పాతపాట వినబడలేదు. తర్వాత పరిశోధకురాలు ఎలెన్ గార్లండ్ బృందం 1998 నుంచి 2008 దాకా దక్షిణ పసిఫిక్‌లోని 775 పాటలు పోల్చి 2011లో ప్రచురించింది. కొత్తపాట తూర్పు ఆస్ట్రేలియా నుంచి బయల్దేరి, న్యూ కలెడోనియా, టోంగా మీదుగా ఫ్రెంచ్ పోలినేషియాకి సుమారు రెండేళ్ళలో చేరుతోంది. ఎప్పుడూ తూర్పుకే! తూర్పు ఆస్ట్రేలియా గుంపు పెద్దది కావడం ఒక కారణం కావచ్చంటారు. మన పెళ్ళిళ్ళలోకి తీన్మార్ దరువు వచ్చినా సన్నాయి పోలేదు. ఈ తిమింగలాలకి ఆ మొహమాటం లేదు, పాతది మొత్తం వదిలేస్తాయి.

జేఎన్‌టీయూ దగ్గర ఆటో అతను నిక్కచ్చిగా చెప్పాడు: "అటు పోతే రిటర్న్ గిరాకీ దొరకదన్నా, నూట యాభై ఇయ్యి." ఆ దూరానికి నూట యాభయ్యా! మా జగదాంబ దగ్గర అడిగితే జనం పోగవుతారు. చివరికి షేర్ ఆటోలోనే, మోకాళ్ళు గడ్డానికి ఆనించి.

పాట చేతులు మారాలంటే వేర్వేరు గుంపులు ఒకదాన్నొకటి వినాలి. న్యూజిలాండ్‌కి ఈశాన్యంగా ఉన్న కెర్మడెక్ దీవుల దగ్గర ఆ అవకాశం ఉంది. అంటార్కిటికా వైపు మళ్ళిన గుంపులు అక్కడ కలుస్తాయి, రకరకాల ప్రాంతాల పాటలు అక్కడ రికార్డయ్యాయి కూడా. మన పడమటి వైపు అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లకి ఆ వీలు లేదు. అవి అంటార్కిటికా వలస వెళ్ళవు, ఏడాదంతా ఆ సముద్రంలోనే ఉంటాయి. ఒమన్ దగ్గర లెక్కకి వచ్చినవి వంద కూడా లేవు. మిగతావాటి నుంచి విడిపోయి సుమారు 70,000 ఏళ్ళని జన్యు పరీక్షల అంచనా. అక్కడ కొత్తపాట వినబడితే అది బయటినుంచి వచ్చిందనే ముందు హైడ్రోఫోన్ (నీళ్ళలో పెట్టే మైకు) దగ్గర ఒక సీజన్ మొత్తం కూర్చోవాలి.