ముందు మొత్తం చెప్పనివ్వండి

"తలనొప్పిగా ఉంది" అని మన ఇళ్లలో ఒక్కసారి అని చూడండి. అమృతాంజనం రాసుకో, ఆ ఫోన్ పక్కన పడెయ్, పొద్దున్నే టిఫిన్ తినకుండా వెళ్తే రాదా మరి, మా ఆఫీసులో ఒకాయనకి ఇలాగే మొదలై చివరికి సైనస్ అని తేలింది... అన్నీ వచ్చేస్తాయి. ఎప్పట్నుంచి, ఏమైంది అని అడిగేవాళ్లు మాత్రం ఉండరు. ప్రేమ లేక కాదు. మనకి ప్రేమ చూపించడమంటేనే సలహా ఇవ్వడం, అడక్కపోయినా సరే. మనం ఎదుటివాళ్ల మాట సరిగ్గా వినకపోవడానికి ఫోన్ల కంటే, టైం లేకపోవడం కంటే, ఈ సలహా తొందరే పెద్ద కారణం అని నాకనిపిస్తుంది.

వినడమే సగం పని అయిన డాక్టర్లకీ ఈ తొందర తప్పలేదు. 1984లో అమెరికాలో హోవర్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 కన్సల్టేషన్లు రికార్డు చేసి వింటే, పేషెంటు తన బాధ మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ మధ్యలో అందుకుంటున్నాడని తేలింది. అందరినీ చెప్పుకోనిస్తే సాయంత్రానికి కూడా ఓపీ తెమలదు అనేది మామూలుగా వినిపించే సమాధానం, నిజమేనేమో అనిపిస్తుంది కూడా. అయితే స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక ఆస్పత్రివాళ్లు అదీ కొలిచి చూశారు, ఆ పేపరు 2002లో వచ్చింది. పేషెంటు తనంతట తాను ఆపేదాకా డాక్టర్లు అడ్డు రాకుండా కూర్చుంటే పట్టింది సగటున 92 సెకన్లు. 335 మందిలో 78 శాతం మంది రెండు నిమిషాల్లోపే చెప్పడం ముగించేశారు.

ఆఫీసులో ఇదే గొడవ ఇంకో రూపంలో ఉంటుంది. మా టీమ్‌లో ఇదివరకు ఒక లీడ్ ఉండేవారు. ఓ రోజు టెస్టింగ్ చేసే అమ్మాయి ఆయన దగ్గరికి వచ్చి "సార్, శుక్రవారం రిలీజ్ కష్టమేమో" అంది. మామూలుగా అయితే ఏమవుతుంది? ఇంకొకరిని ఇస్తా, శనివారం కూడా కూర్చుందాం అంటారు, ఆ అమ్మాయి ఓకే సార్ అని వెళ్లిపోతుంది, కథ కంచికి. ఈయన ల్యాప్‌టాప్ మూసి "ఊఁ, చెప్పమ్మా" అన్నారంతే. పేమెంట్ పేజీలో బగ్స్, అంటే ప్రోగ్రామ్‌లో తప్పులు, ఎక్కువున్నాయంది. ఆయనేమీ అనలేదు. కాసేపు ఇద్దరూ అలాగే ఊరుకున్నారు, పక్క సీట్లో ఉన్న నాకే ఎలాగో అనిపించింది. అప్పుడొచ్చింది అసలు సంగతి: డెవలపర్ బగ్ సరిచేయకుండానే క్లోజ్ చేసేస్తున్నాడు, ఈ అమ్మాయి మళ్లీ ఓపెన్ చేస్తే గ్రూపులో అందరిముందూ వెటకారాలాడుతున్నాడు. దీనికి శనివారం ఇంకో మనిషిని తెచ్చి కూర్చోబెడితే ఏం లాభం?

"అంటే పని ఎక్కువై కాదు, బగ్ ఉందని రాయాలంటేనే జంకుతున్నావు. అంతేనా?" అని అడిగారాయన. "అంతే సార్" అంది.

మనుషులు ముందు చెప్పేది చెప్పడానికి తేలికైన కారణం. అసలుది దాని వెనకాల వరసలో నిలబడి ఉంటుంది, మనం మొదటిదానికే పరిష్కారం చెప్పి పంపించేస్తే రెండోది లోపలే ఉండిపోతుంది. ఆ లీడ్ అడిగినట్టు విన్నదాన్ని తిరిగి చెప్పి సరిచూసుకోవడాన్ని ట్రైనింగుల్లో యాక్టివ్ లిజనింగ్ అంటారు, అమెరికన్ సైకాలజిస్టులు కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ 1957లో రాసినదాంతో ప్రచారంలోకి వచ్చిన మాట అది. మంచి పద్ధతే, కానీ మాట మాటకీ "అంటే మీకు బాధ కలిగిందన్నమాట" అంటూ కూర్చుంటే ఎదుటివాళ్లకి ఒళ్లు మండుతుంది. అసలు విషయం దగ్గర ఒక్కసారి అడిగితే చాలు.

ఆ ట్రైనింగుల్లోనే కళ్లలోకి చూస్తూ వినమని కూడా చెప్తారు. ఇంట్లో ఇది బెడిసికొడుతుంది. పదో క్లాసు పిల్లాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి "చెప్పు నాన్నా, ఏంటి ప్రాబ్లం" అని అడిగి చూడండి, వాడు నోరు తెరిస్తే ఒట్టు. అదే బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ట్యూషన్ గొడవ దానంతటదే బయటికొస్తుంది. మా అత్తయ్య సంగతీ అంతే. చిక్కుడుకాయల పళ్లెం ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చుంటుంది, తలెత్తదు, "ఊఁ... అప్పుడేమన్నారు?" అని మళ్లీ ఇంకో కాయ తీసుకుంటుంది. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి కూడా ఆవిడ దగ్గర గోడు వెళ్లబోసుకుని గానీ కదలడు. ఒకసారి పక్కింటావిడ వచ్చి, కూతురికి కుదిరిందనుకున్న సంబంధం తప్పిపోయిందని చెప్పుకుంటోంది. మగపెళ్లివారు ఏమన్నారో, మధ్యవర్తి ఏం తిరకాసు పెట్టాడో, చుట్టాల్లో తల ఎలా ఎత్తుకోవాలో అంతా అయ్యాక అత్తయ్య అడిగింది ఒకటే, "పిల్ల ఏమంటోంది వదినా?" అని. ఆవిడ దగ్గర దానికి జవాబు లేదు. అప్పటిదాకా పిల్లనెవరూ అడగలేదు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. మా ఆయన మేనేజర్ మీద చిర్రుబుర్రులాడుతూ వస్తే "నన్నేమైనా చెప్పమంటావా, ఊరికే చెప్పుకుంటున్నావా?" అని అడుగుతాను. చాలాసార్లు "ఊరికే" అంటాడు. ఎప్పుడైనా "చెప్పు, ఏం చేద్దాం" అంటే, ఇక చూస్కోండి, దాచుకున్న సలహాలన్నీ ఒకేసారి.

అలాగని అందరికీ అన్నివేళలా చెవి ఒప్పగించనక్కర్లేదు. పని మధ్యలో మా బాబాయి ఫోన్ చేస్తే, స్పీకర్లో పెట్టి మెయిల్స్ చూసుకుంటూ ఊ కొట్టేకన్నా "బాబాయ్, రాత్రి ఎనిమిదింటికి నేనే చేస్తా" అని చెప్పేయడం నయం. చేశాక ముప్పావుగంట పోతుంది, అది వేరే విషయం. పొలం గట్టు తగాదా తాతల కాలం నుంచి మొదలుపెట్టి తహసీల్దారు ఆఫీసు దాకా వచ్చాక, ఇక పెట్టేస్తా అంటూనే మెల్లిగా మోకాలి ఆపరేషన్ మాట ఎత్తుతాడు, డాక్టర్ చేయించుకోమన్నాడట, భయంగా ఉందట. అందుకే గట్టు తగాదా సగంలో ఉండగా నేను ఫోన్ పెట్టను.