మూడు క్యూబిట్ల గొలుసుతో నా కుస్తీ

కొలిస్తే క్వాంటం స్థితి చెదిరిపోతుందని చదువుకున్నవాణ్ణి. కొలతలతోనే క్వాంటం కంప్యూటర్ లెక్క మొత్తం నడిపించవచ్చని 2001లో రాసెన్‌డార్ఫ్, బ్రీగెల్ అనే భౌతిక శాస్త్రవేత్తలు రాసిన పేపర్ చూసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. చేసి చూస్తే గానీ తేలదని ఆ లెక్కను అనుకరించే ప్రోగ్రాం రాయడానికి కూర్చున్నాను.

ఆ పద్ధతికి ముందుగా క్లస్టర్ స్టేట్ కావాలి, అంటే ఒకదానితో ఒకటి ముడిపడిన క్యూబిట్ల (క్వాంటం బిట్ల) అల్లిక. కట్టడం తేలికే. ప్రతి క్యూబిట్‌నూ ప్లస్ స్థితిలో (సున్నా, ఒకటి సమంగా కలిసిన స్థితి) పెట్టి, పక్కపక్కనున్న వాటి మధ్య వాటిని ముడివేసే సీజెడ్ గేట్ వేస్తే చాలు. ఆపైన గేట్లు ఉండవు. ఒక్కో క్యూబిట్‌నూ కొలుచుకుంటూ పోవడమే. ఏ కోణంలో కొలుస్తామన్నదే అసలు ప్రోగ్రాం.

మూడు క్యూబిట్ల గొలుసు తీసుకున్నాను. మొదటిదాంట్లో ప్లస్‌కు బదులు ఇన్‌పుట్‌గా సున్నా స్థితి, మూడోదాంట్లో జవాబు. మొదటి రెండింటినీ కొలిస్తే నాలుగు రకాల ఫలితాలు, ఒక్కోదానికి పావు వంతు అవకాశం. ఏది వచ్చినా చివర్లో ఎక్స్ (సున్నా, ఒకట్లను తారుమారు చేసేది), జెడ్ (ఒకటి ముందున్న గుర్తు మార్చేది) దిద్దుబాట్లు చేస్తే జవాబు ఒకటే కావాలి. కోణాలు రెండూ సున్నా పెట్టాను. నాలుగు ఫలితాల వరసల్లోనూ ఫిడెలిటీ 1, అంటే వచ్చిన స్థితి అచ్చంగా రావలసిందే. ప్రాణం లేచొచ్చింది. రెండో కోణాన్ని 45 డిగ్రీలు చేశాను. రెండు వరసల్లో 1, మిగతా రెండింట్లో 0.5.

రెండు రోజులు సీజెడ్ మ్యాట్రిక్స్‌నే అనుమానించాను. చివరికి కాగితం మీద చేత్తో చేస్తే అప్పుడు కనబడింది: తప్పిన రెండు వరసల్లోనూ మొదటి కొలత ఫలితం 1. అలా వచ్చినప్పుడు గొలుసులోకి ఒక ఎక్స్ దూరుతుంది. దాన్ని చివరిదాకా తోసుకుపోయి అక్కడ దిద్దుకుందామంటే దారిలో రెండో కొలత కోణం వల్ల జరిగే భ్రమణం ఉంది. ఎక్స్ దాన్ని దాటేసరికి కోణం గుర్తు తిరగబడుతుంది. నేను ఒకవైపు 45 తిప్పమంటే అది అవతలివైపు 45 తిప్పింది. రెంటికీ మధ్య 90 డిగ్రీలు. అందుకే సరిగ్గా 0.5! సున్నాకు గుర్తు మారినా సున్నాయే కాబట్టి మొదటి పరీక్షలో ఈ తప్పు బయటపడలేదు.

ఫలితం 1 అయితే రెండో క్యూబిట్‌ను మైనస్ 45లో కొలవాలని ఒక్క లైను రాశాను. నాలుగు వరసలూ 1 అయ్యాయి. ఎంతసేపు ఆ తెరకేసి చూస్తూ ఉండిపోయానో! ఆ లైను వల్ల రెండో కొలత మొదటిదాని ఫలితం కోసం ఆగుతుంది. కొలతలో ఏమొస్తుందో మన చేతిలో లేకపోయినా జవాబు మాత్రం తప్పడం లేదు.

ఎంటాంగిల్‌మెంట్ (క్యూబిట్ల మధ్య చిక్కుముడి) ఎంత పెంచితే అంత మేలేమో అని కూడా అనిపించింది. అది నిజం కాదని గ్రాస్, ఫ్లామియా, ఐసర్ట్ అనే పరిశోధకులు 2009లోనే చూపించారు. మరీ ఎక్కువగా చిక్కుపడిన స్థితిని కొలిస్తే వచ్చే ఫలితాల బదులు నాణెం ఎగరేసుకున్నా ఒకటేనట.

గొలుసుతో ఒక్క క్యూబిట్ లెక్కలే సాగుతాయి. అందుకే ఇప్పుడు క్యూబిట్లను గళ్లలా అల్లడం మొదలుపెట్టాను. అక్కర్లేని క్యూబిట్‌ను జెడ్‌లో (సున్నానా, ఒకటా అని) కొలిస్తే అదొక్కటే ఊడి వస్తుంది, మిగతా అల్లిక నిలుస్తుంది. నిన్న రాత్రి నడిమిదాన్ని తీసేశాను. ఫలితం 1 వచ్చింది. చుట్టూ ఉన్న నాలుగింటికీ జెడ్ దిద్దుబాటు రాసుకుని పడుకున్నాను.