పొసగుతుందా నాన్నా?

డాలస్ శివారులో పుట్టి పెరిగిన మా అబ్బాయికి తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ, మాట్లాడవలసి వస్తే రెండు వాక్యాలు దాటకముందే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాడు. పద్నాలుగేళ్ళు నిండినప్పుడు వాడు గేమింగ్ కంప్యూటర్ కావాలన్నాడు. అదీ కొనిపెట్టమని కాదు, విడిభాగాలు తెచ్చుకుని తానే బిగించుకుంటానని. ఖర్చు వెయ్యి డాలర్లు దాటకూడదని, ఏ భాగాన్ని ఎందుకు ఎంచుకున్నాడో నాకు తెలుగులోనే చెప్పాలని రెండు షరతులు పెట్టి ఒప్పుకున్నాను.

'కంపాటిబుల్' అన్న మాట దగ్గరే వాడు ఆగిపోయాడు. అనుకూలం, అనురూపం అంటూ నేను వెతుక్కుంటుంటే, తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మ, "పొసగడం అనరాదుట్రా? వాళ్ళిద్దరికీ పొసగదు అంటామే!" అంది. ఆ మాట వాడికి ఎంత నచ్చిందంటే, ఆ తరువాత నెల రోజులు మా భోజనాల బల్ల దగ్గర "ఇది దానికి పొసగుతుందా నాన్నా?" అన్న ప్రశ్నే వినిపించింది.

వాడు ఎంచుకున్నది ఏఎమ్‌డీ కంపెనీ వారి రైజెన్ 5 7600 ప్రాసెసర్. దానికి ఏఎమ్5 సాకెట్, అంటే ఆ ప్రాసెసర్ కూర్చునే గూడు, ఉన్న మదర్‌బోర్డే కావాలి కనుక బీ650 బోర్డు తీసుకున్నాడు. ఇంటెల్ పన్నెండో తరం నుంచి పద్నాలుగో తరం వరకు ప్రాసెసర్లకైతే డీడీఆర్4 అనే పాత రకం మెమరీ పట్టే బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 అనే కొత్త రకం పట్టేవీ ఉన్నాయి. ఏఎమ్5లో ఆ వెసులుబాటు లేదు, డీడీఆర్5 ఒక్కటే. ఇదంతా వాడు తడబడుతూ, "ఈ ఇంట్లో పాత మెమరీ కూర్చోడు నాన్నా" అని చెప్పాడు. 'కూర్చోడు' కాదు, 'కూర్చోదు' అని దిద్దాను.

2001లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మా నాన్నగారితో కలిసి నేనూ ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్నాను. పెంటియం 3, 128 ఎంబీ మెమరీ. అంగడి అంగడికీ తిరిగి బేరమాడడం వరకే మా పని. ఏది దేనికి సరిపోతుందో దుకాణం వాళ్ళే చూసుకుని మా కళ్ళ ముందే బిగించి ఇచ్చారు. ఆ ధైర్యంతోనే కాబోలు, ఆఫీసులో ఒకాయన తక్కువ ధరకు ఇస్తానంటే, అబ్బాయికి కొంత డబ్బు మిగల్చవచ్చునన్న ఆశతో పదహారేసి జీబీల మెమరీ స్టిక్‌లు రెండు కొని తెచ్చాను. అవి డీడీఆర్4వి.

వాడు స్లాటు చివర క్లిప్పును వేలితో వెనక్కి తీసి స్టిక్‌ను నిలువుగా ఆనించాడు. రెండు రకాలకూ పిన్నులు 288, పొడవూ ఒకటే; అంచులో ఉండే చిన్న గాడి మాత్రం వేరే చోట ఉంటుంది. స్లాటులోని గట్టు ఆ గాడిలోకి దిగలేదు. కాస్త గట్టిగా నొక్కమన్నాను. వాడు చేయి వెనక్కి తీసుకుని, "వద్దు నాన్నా, బోర్డు పోతుంది. నేను మీకు ముందే చెప్పాను" అన్నాడు.

నిజంగానే చెప్పాడు. తెలుగులో చెప్పమని పట్టుబట్టిన నేను, వాడు చెప్పినప్పుడు వాడి తెలుగును విన్నానే తప్ప వాడు చెబుతున్న విషయాన్ని వినలేదు. ఆ రాత్రి వాడి గదికి వెళ్ళి ఆ మాట వాడితోనే అన్నాను. మిగిలిన భాగాల లెక్కను మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుని ఈసారి కాగితం మీద రాసుకున్నాను. కంపెనీల లెక్క ప్రకారం ప్రాసెసర్‌కు 65 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డుకు 115 వాట్లు చాలినా, రేపు ఇంకా పెద్ద కార్డు వేసుకోవడానికి వీలుగా 650 వాట్ల పవర్ సప్లై ఎంచుకున్నాడు. కార్డు పొడవు కేసులో పడుతుందో లేదో టేపుతో కొలిచి పెట్టుకున్నాడు.

శనివారం డీడీఆర్5 మెమరీ తెచ్చి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో అమర్చాడు. స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి కానీ తెర నల్లగానే ఉండిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆపేద్దామని నేను చేయి చాపాను.

"ఆగండి నాన్నా, మొదటిసారి ఇలాగే ఉంటుంది. మెమరీ బోర్డుతో పొసుక్కుంటున్నాడు."

నేను దిద్దలేదు. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చున్నాను. ఇంకాసేపటికి తెర వెలిగింది. మెమరీ వరుసలో 32 జీబీ అని కనిపించింది.