పద్నాలుగో బెడ్డు అమ్మ కోసం గుణదలకి

మొక్కు తీరింది. విజయవాడ గుణదల కొండ మీది మరియమాత దగ్గర్నుంచి నిన్న రాత్రి ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. పిక్కలు ఇంకా లాగుతున్నాయి, గుండుకి ఫ్యాను గాలి తగిలితే ఒళ్లు జలదరిస్తోంది. అయినా ముందు ఇది రాసి గానీ వేరే పని ముట్టుకోకూడదనుకున్నాను. రేపటి నుంచి మళ్లీ ఆఫీసు, ఇల్లు. వాటిలో పడితే రాయలేను.

ఈ మొక్కు మా మేనత్త కోసం. నాన్నకి ఆవిడ ఒక్కగానొక్క అక్క. ఫిరంగిపురం దగ్గర పల్లెలో పుట్టింది. తాతయ్య, నాయనమ్మ మిరప చేలల్లో కూలికి వెళ్లేవాళ్లు. కన్యస్త్రీల బోర్డింగులో ఉండి చదువుకుని, జనరల్ నర్సింగ్ పూర్తి చేసి, ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది. పెళ్లి చేసుకోలేదు. చేసుకోమని ఎంతమంది బతిమాలినా, "ముందు తమ్ముడి చదువు కానీండి" అనేది. నాన్న చదువు అయింది, ఆయన పెళ్లయింది, నేను పుట్టాను, నా ఫీజులూ ఆవిడే కట్టింది. పిన్ని కూతురు మాకు రక్తసంబంధం అమ్మ వైపు నుంచే అయినా, దాన్ని కూడా నర్సింగులో చేర్పించి మూడేళ్లు తన జీతంలోంచే చదివించింది. అది ఇప్పుడు కువైట్‌లో నర్సు.

అత్త సర్వీసులో ఎక్కువ కాలం గడిచింది కాలిన గాయాల వార్డులో. ఆ వార్డు పేరు చెప్తేనే చాలామంది డ్యూటీ మార్పించుకునేవాళ్లట. కిరోసిన్ స్టవ్వులు పేలి వచ్చినవాళ్లు, తమకు తామే అంటించుకున్నవాళ్లు, అత్తింటివాళ్లు అంటించినా "స్టవ్వు పేలింది" అని చెప్పే పిల్లలు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్లి ఒకసారి తలుపు దగ్గరే నిలబడిపోయాను. అత్త ఒక అమ్మాయికి కట్టు మారుస్తోంది. పాత గాజుగుడ్డ పుండుకి అతుక్కుపోయి ఉంది. అత్త దాన్ని లాగలేదు. సెలైన్ కొద్దికొద్దిగా పోస్తూ, అది నానేదాకా ఆ పిల్లతో వాళ్ల ఊళ్లో కోళ్ల గురించీ, గేదె ఈనిందా లేదా అన్న సంగతీ మాట్లాడుతూ కూర్చుంది. గుడ్డ దానంతట అది వదిలాక ఒక అంచు నుంచి మెల్లగా ఎత్తింది. ఆ పిల్ల ఏడ్చింది కానీ కేకలు పెట్టలేదు. బయటికొచ్చాక అడిగితే, "నానబెడితే పావుగంట ఆలస్యం. లాగితే కొత్త చర్మం కూడా ఊడొస్తది. ఆ పావుగంట మనం ఇవ్వలేమా?" అంది.

క్రిస్మస్ రాత్రి డ్యూటీ ఎవరికీ ఇష్టం ఉండదు కదా, అత్త ఏటా అడిగి మరీ వేయించుకునేది. "పిల్లలున్నవాళ్లని ఇంటికి పంపండి, నాకు మాత్రం ఫిబ్రవరి 11న ఆఫ్ ఇవ్వండి" అనేది. ఆ రోజు గుణదల. ముందు రోజు నైట్ డ్యూటీ దిగి, తెల్ల చీరతోనే బస్సెక్కి, కొండెక్కి, సాయంత్రానికి తిరిగొచ్చేది.

గుణదల మరియమాత సంగతి మన వైపు తెలియనివాళ్లు లేరు. 1924లో ఫాదర్ అర్లాటి ఆ కొండ గుహలో లూర్దుమాత స్వరూపం నిలిపినప్పటి నుంచి మూడు తరాలుగా మా ఇంట్లో అందరూ వెళ్తున్నారు. కానీ అత్తకి ఆ తేదీ మీద ఉన్న పట్టుదలకి ఇంకో కారణం ఉంది. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న మరియతల్లి కనిపించింది బెర్నదెత్తమ్మకి. పద్నాలుగేళ్ల పేద పిల్ల, ఉబ్బసం మనిషి. తర్వాత ఆవిడ కన్యస్త్రీ అయి నెవేర్ మఠంలో రోగుల గదిలో సేవ చేసింది. 35 ఏళ్లకే పోయింది. "తల్లిని చూసిన మనిషి, పెద్ద పీటెక్కి కూర్చోలేదమ్మాయ్, మంచాల మధ్య తిరిగింది" అని అత్త ఎన్నిసార్లు చెప్పిందో. పోపుగారు రెండో జాన్‌పాల్ 1993 నుంచి అదే ఫిబ్రవరి 11ని ప్రపంచ రోగుల దినంగా జరపమన్నాక ఆవిడకి ఇంక పట్టపగ్గాల్లేవు. "చూశావా, ఇది మా పండగ" అని వార్డులో అందరికీ బిస్కెట్లు పంచేది, ఏ మతమని చూడకుండా.

గుహ దగ్గర ఆవిడ ప్రార్థన కూడా వేరుగా ఉండేది. తన కోసం ఏదీ అడిగేది కాదు. కొవ్వొత్తి వెలిగించి, "మూడో బెడ్డు అమ్మ. ఏడో బెడ్డు పిల్ల. బయట వరండాలో ఉన్న తాత" అని చెప్పేది. పేర్లెందుకు చెప్పవు అని చిన్నప్పుడు అడిగాను. "వాళ్ల ఇంటి గుట్టు మనకెందుకు? ఆ తల్లికి బెడ్డు నంబరు చాలు, వెతుక్కుంటది" అంది.

అలాంటి మనిషికి కిందటేడాది పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, దాంతోపాటే మాట పోయింది. మమ్మల్ని గుర్తుపట్టేది, కళ్లలో నీళ్లు తిరిగేవి, నోరు తెరిస్తే మాత్రం ఒకటే శబ్దం. జీవితమంతా రోగులతో మాట్లాడుతూ బతికిన మనిషికి ఆ శిక్షేమిటని నాకు దేవుడి మీద కోపం కూడా వచ్చింది. ఆవిణ్ని పడుకోబెట్టింది పద్నాలుగో నంబరు బెడ్డు మీద. ఒక రాత్రి ఆ మంచం పక్కనే జపమాల పట్టుకుని, "అమ్మా, అత్త నోట ఒక్క మాట వినిపించు, నా తల నీలాలు నీకిచ్చుకుంటాను" అని మొక్కుకున్నాను. లేచి నడవాలని అడగలేదు. డాక్టర్లు చెప్పింది విన్నాను, ఒక్క మాట అడిగితే చాలనుకున్నాను.

కొన్ని వారాల తర్వాత, ఇంటికి తెచ్చుకున్నాక, ఒక పొద్దున బయటి నుంచి వచ్చి గ్లూకోజు నీళ్లు పట్టబోతున్నాను. అత్త తల పక్కకి తిప్పేసింది. మళ్లీ స్పూను దగ్గరికి పెట్టాను. పెదాలు కూడదీసుకుంది. మెడ నరాలు పొంగాయి. "చే... చేతులు కడుక్కున్నావా?" అంది.

నేను స్పూను వదిలేసి నాన్నని కేకేశాను. నాన్న స్నానాల గదిలోంచి సబ్బుతోనే పరుగెత్తుకొచ్చారు. ఆ రోజు నుంచి రోజుకి రెండు మూడు మాటలు వచ్చేవి. "నీళ్లు", "తమ్ముడూ", "చాలు", "దిండు". ఫాదర్‌గారు వచ్చి నుదుటికి, రెండు అరచేతులకి నూనె రాసి ప్రార్థన చెప్పిన రోజున "ఆమెన్" కూడా గట్టిగా అంది. వానాకాలం మధ్యలో నిద్రలోనే పోయింది. డాక్టర్లు తమ మందుల వల్ల, ఫిజియోథెరపీ వల్ల మాట వచ్చిందంటారు. ఆ ఫిజియోథెరపీ ఎంత కష్టమో నేను రోజూ చూశాను, కాదనను. కానీ ఎవరిని అడిగానో నాకు తెలుసు, ఎవరిచ్చారో నాకు తెలుసు.

ఇక ప్రయాణం. గుంటూరు నుంచి నేనూ నాన్నా తెల్లవారుజామున బయల్దేరాం. బెజవాడలో దిగాక ఆటోవాళ్లు చెప్పే రేట్లు వింటే గుండె ఆగుతుంది. పండగంటే వాళ్లకి ఇదొక్కటే అర్థమైనట్టుంది. ఒకతను ఎక్కించుకుని పడవలరేవు దాకా కూడా రాకుండా దింపేశాడు, ఇంక ముందుకి పోనివ్వరంటూ. అక్కడి నుంచి నడక. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్లు, చెప్పుల్లేకుండా ఊళ్ల నుంచి నడిచొచ్చినవాళ్లు, జెండాలు పట్టుకుని పాటలు పాడుతూ వచ్చే గుంపులు. ఆ పాట చెవిలో పడగానే నాన్న కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

తల నీలాలు ముందే ఇచ్చేశాను. మంగలి అన్న నీళ్లు చల్లి, "ఇంత జుట్టు, బాధగా లేదామ్మా?" అన్నాడు. లేదన్నాను. నిజంగానే లేదు. జడ ఒళ్లో పడ్డప్పుడు ఏదో అప్పు తీర్చినట్టు తేలికైంది.

తర్వాత క్యూ. జనం ఎంతమంది అని చెప్పను, కొండ మెట్లే కనపడలేదు. భక్తి ఉండాలి, కాదనను, కానీ ముందున్న ముసలమ్మ మడమ తొక్కి మరీ రెండడుగులు ముందుకి పోతే తల్లి ఎక్కువ దీవిస్తుందా? ఒకాయన అయితే పెళ్లాన్నీ పిల్లల్నీ లైను మధ్యలో దూర్చి, అడిగినవాళ్లని కసిరాడు. చేతిలో జపమాల కూడా ఉంది. నాకు మంగళవార్త జపం మధ్యలోనే కోపం వచ్చేది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అనేలోపు వెనక నుంచి ఇంకో తోపు.

ఎండ బాగా ఎక్కాక నాన్న నా భుజం పట్టుకున్నారు. చెయ్యి చల్లగా, చెమటతో జారిపోతోంది. నాన్నకి షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నారు, టిఫిను రెండు ఇడ్లీలు తిన్నారు, మధ్యాహ్నానికి భోజనం చెయ్యాల్సింది క్యూలోనే గడిచిపోయింది. నా సంచిలో బిస్కెట్లున్నాయి గానీ ఆయనకి నమిలే ఓపిక లేదు. మాట ముద్దగా వస్తోంది. "అక్క ఎక్కడ? అక్క ముందు పోయిందా?" అంటున్నారు. షుగరు పడిపోతోందని అర్థమై నాకు కాళ్లలో వణుకు మొదలైంది.

మా వెనకే మైలవరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. నుదుట రూపాయంత కుంకుమ బొట్టు, చంకలో కొత్తగా గుండు చేయించిన మూడేళ్ల బాబు. వాడి చేతిలో ఫ్రూటీ ప్యాకెట్టు. ఆవిడ నాన్న మొహం ఒక్కసారి చూసి, "షుగరా?" అంది. నేను తలూపేలోపే బాబుని నా చేతుల్లో పడేసి, వాడి నోట్లోంచి ఆ ప్యాకెట్టు లాక్కుంది. వాడు కొండ దద్దరిల్లేలా ఏడుపు. ఆవిడ పట్టించుకోలేదు. "బాబాయ్, ఇట్టా కూర్చో. నన్ను పట్టుకో" అంటూ మెట్టు మీద కూర్చోబెట్టి, మెడ కింద అరచెయ్యి పెట్టి తల కొంచెం పైకెత్తి, స్ట్రా పెదాలకి ఆనించి, "నిదానంగా, గుటక వేసినాకనే ఇంకోటి" అని తాగించింది. చుట్టూ మూగినవాళ్లని, "గాలాడనీండయ్యా, సినిమానా ఇది!" అని గదిమింది.

మెడ కింద అలా అరచెయ్యి పెట్టడం నాకు తెలుసు. రోగికి నీళ్లు పట్టేటప్పుడు అత్త పెట్టేది. నర్సువా అక్కా అని అడిగాను. "నర్సునేంటి, పత్తి కూలికి పోతా. మా అత్తకి షుగరు, ఇంట్లో అలవాటే" అంది. మరి ఇక్కడికెలా అంటే, ఈ బాబు కడుపులో ఉండగా ఏడో నెలలో ప్రాణం మీదకొస్తే ఆసుపత్రిలో ఒక సిస్టరమ్మ గుణదల తల్లికి మొక్కుకోమని చెప్పిందట. బెజవాడ దుర్గమ్మకి కూడా మొక్కుకుందట. పొద్దున ముందు ఇంద్రకీలాద్రి ఎక్కి, ఇప్పుడు ఇక్కడికి వచ్చిందట. "ఇద్దరు తల్లులూ కాపాడారు, ఒకరికి తీర్చి ఒకరికి ఎగ్గొడితే ఎట్టా?" అంది. కాసేపటికి నాన్నకి చెమట ఆగింది, మాట సరిపడింది. సంచిలో బిస్కెట్లు తీసి నాన్నకి రెండు పెట్టి, మిగతా ప్యాకెట్టంతా ఆ బాబుకిచ్చాను. వాడు తీసుకున్నాడు కానీ నాన్న వంక మాత్రం కోపంగానే చూశాడు. ఆవిడ పేరు అడిగేలోపు లైను కదిలి తలో పక్కకీ అయిపోయాం. తల్లి చల్లగా చూడాలి ఆ కుటుంబాన్ని.

గుహ దగ్గరికి చేరేసరికి చుట్టూ పైకెత్తిన సెల్‌ఫోన్లే. వాటి సందుల్లోంచి ముందు నీలం నడికట్టు కనిపించింది. తర్వాత జోడించిన చేతులు. నా ముందున్నతను ఫోను దించాడు, అప్పుడు మొహం కనిపించింది. ఎన్ని ఏళ్లుగా చూస్తున్న స్వరూపమో! అయినా నిన్న ఆ కళ్లు కొంచెం కిందికి, సరిగ్గా మేము నిలబడ్డ చోటికి చూస్తున్నట్టు అనిపించింది. ఆ జోడించిన వేళ్ల వైపు చూస్తుంటే నూనె రాసిన అత్త అరచేతులు గుర్తొచ్చాయి. స్పిరిట్‌తో, సబ్బుతో కడిగి కడిగి గరుకెక్కిన చేతులు. దారి పొడుగునా ఎంతో చెప్పుకోవాలనుకున్నాను. థాంక్స్ చెప్పాలి, ఆత్మశాంతి అడగాలి, నాన్న ఆరోగ్యం అడగాలి. వెనక నుంచి "కదలండి, కదలండి" అంటున్నారు. నా నోట వచ్చింది ఒక్కటే: "పద్నాలుగో బెడ్డు అమ్మ." పక్కనున్న నాన్న నా వంక చూసి, వెంటనే తల్లి వైపు తిరిగి, "మా అక్కే" అన్నారు గట్టిగా. అంతే, తోసేశారు, బయటపడ్డాం.

కిందికొచ్చాక కొవ్వొత్తులు వెలిగించాం. అత్తకొకటి, పేరు తెలియని ఆ మైలవరం బాబుకొకటి. సాయంత్రం పూజలో రోగుల కోసం ప్రార్థిస్తూ, వాళ్లని చూసుకునే నర్సులు, ఆయాల కోసం కూడా ప్రార్థించమన్నారు. నాన్న మోకాళ్ల మీదే ఉన్నారు, లేవమన్నా లేవలేదు.

తిరుగు బస్సులో సీటు దొరికింది. నాన్న పెరుగన్నం పొట్లం తిని నిద్రపోయారు. మంగళగిరి దాటుతుండగా కువైట్ నుంచి పిన్ని కూతురు వీడియో కాల్ చేసింది. నా గుండు చూసి ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత గుహ దగ్గర ఏం అడిగావో మొత్తం చెప్పమంది. చెప్పాను. వెనకాల వాళ్ల వార్డులో ఎవరో బెల్లు కొడుతున్నారు. వచ్చే ఫిబ్రవరికి సెలవు పెట్టి తనూ వస్తానంది. సెలవు దొరుకుతుందా అని అడిగితే, దానికి బదులుగా క్రిస్మస్ రాత్రి డ్యూటీ తనే చేస్తానని వాళ్ల ఇన్‌ఛార్జికి అప్పుడే చెప్పేసిందట.